కృత్రిమ దంతానికి ఎముక పట్టు: ఎండ పాత్ర ఎంత?

ఊడిపోయిన పంటి స్థానంలో దంతవైద్యులు దవడ ఎముకలోకి మరమేకు లాంటి టైటానియం ముక్కను దింపి, దానిపై కృత్రిమ దంతాన్ని అమరుస్తారు. దీన్నే డెంటల్ ఇంప్లాంట్ అంటారు. దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టేది జిగురో సిమెంటో కాదు, చుట్టూ కొత్తగా పెరిగే ఎముక. ఎముకకు విటమిన్-డి అవసరమని మీరు పాఠాల్లో చదివే ఉంటారు. మరి ఆ విటమిన్ తక్కువైతే ఇంప్లాంట్ ఊడిపోతుందా? జవాబు వెతకాలంటే వేర్వేరుగా మొదలైన రెండు కథలు తెలుసుకోవాలి.

మొదటిది రికెట్స్ కథ. పిల్లల ఎముకలు మెత్తబడి, కాళ్లు వంకరపోయే వ్యాధి ఇది. 1919లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలన్‌బీ ఆహారలోపంతో కుక్కపిల్లలకు రికెట్స్ రప్పించి, కాడ్ చేప కాలేయపు నూనెతో దాన్ని నివారించవచ్చని చూపాడు. అది విటమిన్-ఎ మహిమేనని అనుకున్నారు. 1922లో అమెరికా శాస్త్రవేత్త మెకాలమ్ ఆ నూనెను వేడిచేసి, గాలి పంపి, అందులోని విటమిన్-ఎను నాశనం చేశాడు. అయినా నూనె రికెట్స్‌ను నయం చేసింది! అందులోని కొత్త పదార్థానికే విటమిన్-డి అని పేరు పెట్టారు. 1919లోనే బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అతినీలలోహిత కిరణాలతో ఈ వ్యాధిని నయం చేశాడు. నూనె, కిరణాలు ఒకే పని ఎలా చేశాయి? మన చర్మం ఆ కిరణాల సాయంతో విటమిన్-డిని తయారుచేసుకుంటుందని తర్వాత తేలింది.

రెండోది టైటానియం కథ. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ ఎముకలో రక్తప్రసరణను పరిశీలించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరాన్ని అమర్చాడు. తర్వాత తీయబోతే అది రాలేదు. ఎముక లోహాన్ని పెనవేసుకుపోయింది. 1965లో ఆయన తొలిసారి ఒక రోగి దవడలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చాడు. ఎముక పట్టు కుదిరే వరకు కొన్ని నెలలు ఆగి, ఆ తర్వాతే దంతాలు బిగించేవాడు.

ఆ నెలల్లో ఏం జరుగుతుంది? కొన్ని కణాలు దెబ్బతిన్న ఎముకను తొలగిస్తాయి. మరికొన్ని కొత్త ఎముకను నిర్మిస్తాయి. అది గట్టిపడాలంటే కాల్షియం, ఫాస్ఫేట్ కావాలి. పేగులు కాల్షియాన్ని చక్కగా గ్రహించడానికి విటమిన్-డి తోడ్పడుతుంది. రెండు కథలూ కలిసేది ఇక్కడే.

ఈ ఊహకు 2009లో పరీక్ష ఎదురైంది. కాలిఫోర్నియా పరిశోధకులు విటమిన్-డి లోపమున్న ఎలుకల తొడ ఎముకలలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. వాటి పట్టు ఆరోగ్యవంతమైన ఎలుకలలో కంటే బాగా తక్కువగా కనిపించింది. మరి మనుషులలో? 2018లో ఇటలీ పరిశోధకులు 885 మంది రోగుల వివరాలు పరిశీలించారు. విటమిన్ బాగా తగ్గినవారిలో వైఫల్యాలు ఎక్కువగానే కనిపించాయి. కానీ అలాంటివారి సంఖ్య చాలా స్వల్పం కావడంతో, ఆ తేడా గణాంక పరీక్షకు నిలవలేదు. పొగతాగడం, అదుపులో లేని మధుమేహం వంటి ఇతర కారణాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఎండకు కొదవలేని మన దేశంలో ఈ చర్చ ఎందుకంటారా? 2000లో ఢిల్లీలో, 2007లో తిరుపతిలో వెలువడిన పరిశోధనలు ఆరోగ్యవంతులలోనూ విటమిన్-డి లోపాన్ని గుర్తించాయి. ఢిల్లీలో ఎండలో పనిచేసే సైనికుల స్థితి ఆసుపత్రి సిబ్బంది కంటే మెరుగ్గా ఉంది. ఎండ ఉంటే చాలదు, అది ఒంటికి తగలాలి.

కాబట్టి రెండు మాటలను విడివిడిగా గుర్తుంచుకోండి. విటమిన్-డి లోపం ఎముకకు హాని చేస్తుందన్నది రుజువైన విషయం. మాత్రలు వేస్తే ఇంప్లాంట్ నిలుస్తుందన్నది ఇంకా పరీక్షించాల్సిన విషయం. విటమిన్ మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అందుకే లోపం ఉందో లేదో రక్తపరీక్షతో తేల్చుకున్నాకే, వైద్యుడు చెబితేనే మాత్రలు వాడాలి. మెకాలమ్ చేసింది కూడా అదే కదా! నూనెలో ఏదో ఉందని ఊహించి ఊరుకోక, పరీక్షించి తేల్చాడు.