వేలంలో కొన్న కుర్రాళ్లు రేపటి జట్టు అవుతారా? హైదరాబాద్ తూఫాన్స్ చెబుతున్న హాకీ లెక్క

ఏడేళ్ల విరామం తర్వాత హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబర్ 28న రూర్కెలాలో మళ్లీ మొదలైంది. 2025 ఫిబ్రవరి 1న బిర్సా ముండా స్టేడియంలో జరిగిన ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ 4-3 తేడాతో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడిపోయింది. జుగ్‌రాజ్ సింగ్ హ్యాట్రిక్ ఆ మ్యాచ్ ఫలితాన్ని తేల్చింది. మొదటి సీజన్‌లోనే ఫైనల్ దాకా వెళ్లడం కొత్త జట్టుకు చిన్న విషయం కాదు.

అయితే ఫైనల్ స్కోరు కంటే ఎక్కువ కాలం నిలిచే ప్రశ్న ఒకటుంది. మొదటి సీజన్ నిబంధన ప్రకారం ప్రతి జట్టులోనూ కనీసం నలుగురు జూనియర్ ఆటగాళ్లు ఉండాల్సి వచ్చింది. ఆ నలుగురూ సంఖ్య నింపడానికే ఉన్నారా, లేక మూడు నాలుగేళ్లలో జట్టును మోసే స్థాయికి వస్తారా? దీనికి జవాబు వేలం పట్టికలో కొంత, మైదానంలో దొరికే నిమిషాల్లో కొంత, జిల్లా స్థాయి మైదానాల్లో చాలా ఉంది.

నిబంధన ఏమిటి?

మొదటి సీజన్‌లో ఒక్కో జట్టులో 24 మంది ఉండేవారు. వారిలో 8 మంది విదేశీయులు, కనీసం 16 మంది భారతీయులు. ఆ 16 మందిలోనే నలుగురు జూనియర్లు. అంటే జట్టులో ఆరో వంతు చోటు కుర్రాళ్లకు కేటాయించినట్టే.

2024 అక్టోబర్ 13 నుంచి 15 వరకు దిల్లీలో జరిగిన వేలంలో పురుషుల జట్టు ఒక్కోదానికి రూ. 4 కోట్ల పరిమితి పెట్టారు. కనీస ధరలు మూడు: రూ. 2 లక్షలు, రూ. 5 లక్షలు, రూ. 10 లక్షలు. కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్‌ను సూర్మా క్లబ్ రూ. 78 లక్షలకు కొనుక్కుంది. వేలంలో అదే అత్యధిక ధర.

నిబంధన జూనియర్‌ను జట్టులోకి తెస్తుంది కానీ మైదానంలోకి తేదు. జట్టులో మ్యాచ్ రోజు జాబితాలో ఎవరు ఉండాలో, ఎవరు ఎంతసేపు ఆడాలో కోచ్ నిర్ణయమే. అందుకే ఒకే నిబంధన కింద ఎంపికైన ఇద్దరు కుర్రాళ్లలో ఒకరు సీజన్ చివరికి జాతీయ శిబిరానికి వెళ్తే, మరొకరు నెట్స్‌లోనే మిగిలిపోవచ్చు.

డబ్బు ఎటు వెళ్తుంది?

తూఫాన్స్ ఆ వేలంలో జర్మనీ డ్రాగ్‌ఫ్లికర్ గొంజాలో పీలట్‌కు రూ. 68 లక్షలు, భారత జట్టు ఆటగాడు సుమిత్ వాల్మీకికి రూ. 46 లక్షలు పెట్టింది. ఇద్దరికీ కలిపి రూ. 1.14 కోట్లు. ఇక 22 మందికి మిగిలింది రూ. 2.86 కోట్లు, అంటే సగటున ఒక్కొక్కరికి రూ. 13 లక్షలు. ఆ సగటులోనే మిగతా అంతర్జాతీయ ఆటగాళ్లు కూడా ఉంటారు. జూనియర్ల వాటా సహజంగానే కనీస ధర వైపు జారుతుంది.

దీన్ని పొరపాటుగా చూడనక్కర్లేదు. పెనాల్టీ కార్నర్లను గోల్స్‌గా మలిచే ఒక్క ఆటగాడు సీజన్ ఫలితాన్నే మార్చేస్తాడు. పీలట్ 2016 రియో ఒలింపిక్స్‌లో అర్జెంటీనా తరఫున స్వర్ణం గెలిచి, తర్వాత జర్మనీకి మారి 2023లో ప్రపంచ కప్ అందుకున్నవాడు. కానీ అతను 1992లో పుట్టాడు. అతని తర్వాత ఆ పని ఎవరిదన్నది జట్టు ముందున్న అసలు ప్రశ్న. 2023 జూనియర్ ప్రపంచ కప్ జట్టులో ఉన్న డిఫెండర్ అమన్‌దీప్ లక్రా తూఫాన్స్‌లో ఉండటాన్ని ఈ కోణంలోనే చూడాలి. ప్రపంచంలోని గొప్ప ఫ్లికర్ పక్కన నెల రోజులు సాధన చేయడం ఏ శిబిరంలోనూ దొరకని చదువు. అయితే కార్నర్ వచ్చిన ప్రతిసారీ బంతి పీలట్‌కే వెళ్తే, ఆ చదువుకు పరీక్ష రాసే వీలుండదు.

కుర్రాళ్లను అందరూ చవగ్గా కొనలేదు. విశాఖపట్నం పేరుతో వచ్చిన గోనాసిక జట్టు యువ ఫార్వర్డ్ అరైజీత్ సింగ్ హుందల్‌కు రూ. 42 లక్షలు ఇచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే, 2024 డిసెంబర్‌లో మస్కట్‌లో జరిగిన జూనియర్ ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్‌పై భారత్ 5-3తో గెలిచింది. ఆ అయిదింటిలో నాలుగు గోల్స్ హుందల్‌వే. సీనియర్ ధర పెట్టి జూనియర్‌ను కొనడం ఎప్పుడు సబబో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

ఏ స్థానంలో త్వరగా చోటు?

హాకీలో ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లలో ఫార్వర్డ్‌లు కొద్ది నిమిషాలకోసారి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్తుంటారు. కాబట్టి వేగం, ధైర్యం ఉన్న కుర్రాడికి ముందు వరుసలో త్వరగా అవకాశం వస్తుంది. అతను తప్పు చేసినా వెనక ఏడెనిమిది మంది ఉంటారు.

మిడ్‌ఫీల్డ్‌లో అంత వెసులుబాటు లేదు. ఆట వేగాన్ని ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు ఆపాలో తెలియాలి. అది మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. డిఫెన్స్‌లో ఒక్క తప్పు పెనాల్టీ కార్నర్ అవుతుంది. గోల్‌కీపర్‌ది అన్నిటికంటే కష్టమైన నిరీక్షణ. ఒకేసారి ఒక్కడికే చోటు.

తూఫాన్స్ యువ ఫార్వర్డ్ అర్ష్‌దీప్ సింగ్ ప్రయాణం ఈ క్రమానికి సరిపోతుంది. మొదటి సీజన్ ముగిసిన వెంటనే 2025 ఫిబ్రవరిలో భువనేశ్వర్ ప్రో లీగ్ మ్యాచ్‌ల కోసం సీనియర్ జట్టు నుంచి అతనికి పిలుపు వచ్చింది. అదే ఏడాది చివర తమిళనాడులో జరిగిన జూనియర్ ప్రపంచ కప్‌లోనూ ఆడాడు. ఆ టోర్నీలో భారత్ అర్జెంటీనాపై 4-2తో గెలిచి కాంస్యం అందుకుంది.

2016 బ్యాచ్ నేర్పే పాఠం

జూనియర్ల గురించి అంచనా వేయడం ఎంత కష్టమో తెలియాలంటే 2016 లఖ్‌నవూ జట్టును చూడాలి. ఆ ఏడాది డిసెంబర్ 18న బెల్జియంను 2-1తో ఓడించి భారత్ జూనియర్ ప్రపంచ కప్ గెలిచింది. హర్మన్‌ప్రీత్, మన్‌దీప్, సుమిత్, నీలకంఠ శర్మ, గుర్జంత్, సిమ్రన్‌జీత్, వరుణ్ కుమార్ ఆ జట్టులోని వారే. అయిదేళ్ల తర్వాత టోక్యోలో 41 ఏళ్ల ఒలింపిక్ పతక కరవు తీరినప్పుడు వీళ్లంతా మెడలో కాంస్యంతో నిలబడ్డారు. వారిలో సుమిత్, నీలకంఠ తర్వాత తూఫాన్స్‌లో చేరారు.

మరి ఆ జూనియర్ జట్టు కెప్టెన్ ఎవరు? హర్జీత్ సింగ్. అతని జీవితం మీద 2018లో పంజాబీ సినిమా కూడా వచ్చింది. కానీ ఒలింపిక్స్ ఆడే అవకాశం మాత్రం అతనికి రాలేదు. ప్రతిభ తక్కువై కాదు. మిడ్‌ఫీల్డ్‌లో అప్పటికే ఉన్నవారు చోటు వదల్లేదు. కుర్రాడి భవిష్యత్తు అతని ఆటతో పాటు, అతని స్థానంలో ఎవరున్నారు, వారి వయసెంత అన్నదాని మీదా ఆధారపడుతుంది.

2017 తర్వాత లీగ్ ఆగిపోవడం మరో తరం మీద పడింది. 2021, 2023 జూనియర్ ప్రపంచ కప్‌లలో భారత్ రెండుసార్లూ నాలుగో స్థానంలో నిలిచింది. అంతకుముందు హర్మన్‌ప్రీత్ వంటివారు టీనేజీలోనే లీగ్‌లో విదేశీ దిగ్గజాలతో ఆడారు. ఈ రెండు బ్యాచ్‌లకు ఆ వేదికే లేకపోయింది.

జట్టే లేకుండా పోతే?

కుర్రాడి మీద పెట్టుబడి ఫలించడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఫ్రాంచైజీ అన్నాళ్లు ఉంటుందా? 2026 జనవరిలో జరిగిన రెండో సీజన్ నాటికి లీగ్‌లో గోనాసిక పేరు లేదు. యూపీ రుద్రాస్ తప్పుకుంది. ఆ జట్టు ఆటగాళ్లు రోడ్డున పడకుండా లీగ్ గవర్నింగ్ కౌన్సిలే జట్టును నడిపింది. సీనియర్‌కు ఇలాంటప్పుడు వేరే జట్టు దొరుకుతుంది. జూనియర్‌కు పోయేది తనను నమ్మిన కోచ్, అలవాటైన స్థానం.

ఇతర చోట్ల దీనికి ఏర్పాట్లున్నాయి. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో 18 ఏళ్ల కుర్రాళ్ల హక్కులు తీసుకుంటాయి. ఎక్కువమంది వెంటనే ప్రధాన జట్టుకు ఆడరు. జూనియర్ లీగుల్లో, అనుబంధ జట్లలో ఏళ్ల తరబడి ఎదుగుతారు. నెదర్లాండ్స్‌లో హాకీ క్లబ్బులకు చిన్నపిల్లల విభాగాల నుంచే వరుస ఉంటుంది. మన లీగ్ ఏటా నెల రోజుల పండుగ. మిగతా పదకొండు నెలలూ కుర్రాడిని చూసుకునేది రాష్ట్ర అకాడమీ, రైల్వేలు, సర్వీసెస్, జాతీయ శిబిరం.

తెలుగు కుర్రాళ్ల సంగతేమిటి?

హైదరాబాద్‌కు ప్రొఫెషనల్ హాకీ కొత్త కాదు. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ గచ్చిబౌలిలోనే మొదలైంది. తొలి టైటిల్ హైదరాబాద్ సుల్తాన్స్‌దే. ఇక్కడి ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడారు. చిత్తూరు జిల్లాకు చెందిన రజని ఎతిమరపు భారత మహిళల జట్టు గోల్‌కీపర్ అయ్యారు. 2023లో సీనియర్ మహిళల జాతీయ ఛాంపియన్‌షిప్‌కు కాకినాడ ఆతిథ్యమిచ్చింది. చరిత్ర ఉంది, మైదానాలు కొన్ని ఉన్నాయి. లేనిది కింది నుంచి పైకి వరుసగా ఎక్కే మెట్లు. తూఫాన్స్‌లో సుమిత్‌ది హరియాణా, నీలకంఠది మణిపూర్. ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా క్రీడా హాస్టళ్లు, టర్ఫ్ మైదానాలు ఏళ్లుగా ఆటగాళ్లను ఇస్తున్నాయి.

ఇది హాకీకే పరిమితమైన విషయం కాదని సూరత్ చూపిస్తుంది. తెలుగు నేత కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఆ గుజరాత్ నగరం పేరు చెబితే వజ్రాలు, చీరలే గుర్తొస్తాయి. కానీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత పురుషుల టేబుల్ టెన్నిస్ జట్టులోని ముగ్గురిలో ఇద్దరు, హర్మీత్ దేశాయ్, మానవ్ ఠక్కర్, సూరత్ వారే. 2022 జాతీయ క్రీడల టేబుల్ టెన్నిస్ కూడా సూరత్‌లోనే జరిగింది. అదే క్రీడల్లో హాకీకి వేదిక రాజ్‌కోట్. ప్రొఫెషనల్ లీగ్ అల్టిమేట్ టేబుల్ టెన్నిస్ 2017లో మొదలయ్యే నాటికే హర్మీత్ పేరున్న ఆటగాడు. అంటే సూరత్‌లో ఆటగాళ్లు ముందు తయారయ్యారు, లీగ్ తర్వాత వచ్చింది. హైదరాబాద్‌లో లీగ్ జట్టు ముందు వచ్చింది, స్థానిక ఆటగాళ్ల కోసం ఎదురుచూపు మిగిలింది.

ఇకపై ఏం గమనించాలి?

తూఫాన్స్ భవిష్యత్తును అంచనా వేయాలనుకునేవారు వేలం ధరల కంటే మూడు విషయాలు చూడటం మంచిది. ఒకటి, జూనియర్లు మ్యాచ్‌కు ఎన్ని నిమిషాలు ఆడుతున్నారు, అందులో చివరి క్వార్టర్ ఎంత. ఆధిక్యం ఉన్నప్పుడు ఆడించడం వేరు, ఒక గోల్ వెనకబడినప్పుడు నమ్మి పంపడం వేరు. రెండు, పెనాల్టీ కార్నర్‌లో రెండో ఫ్లికర్‌గా ఎవరిని నిలబెడుతున్నారు. మూడు, సీజన్ లేని నెలల్లో జట్టు యాజమాన్యం నగరంలో పాఠశాల, కళాశాల స్థాయి హాకీకి ఏమైనా చేస్తోందా.

మొదటి రెండూ కోచ్ చేతిలో ఉన్నాయి, ఒకట్రెండు సీజన్లలో తేలిపోతాయి. మూడోదానికి పదేళ్లు పడుతుంది. జెర్సీ మీద హైదరాబాద్ పేరున్న జట్టులో తెలుగు కుర్రాడు నిబంధన కోసం కాకుండా తన ఆటతో చోటు సంపాదించాలంటే ఆ పదేళ్ల పని ఇప్పుడే మొదలవ్వాలి.