తోలు నుండి రాతినార వరకు: క్లచ్చి ప్లేటు చరిత్ర

హైదరాబాదు నుండి ముంబయి వైపు పోవు రహదారిపై రామచంద్రాపురము, పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాదు ఒకదాని వెనుక ఒకటి వచ్చును. 1960 దశకములో రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము వెలసిన నాటి నుండి ఈ బాట వెంట పరిశ్రమలు పెరిగినవి. పరిశ్రమలతో లారీలు, లారీలతో మరమ్మతు షెడ్లు వచ్చినవి. అట్టి షెడ్లలో ఒక మూల అరిగిపోయిన గుండ్రని పలకలు కుప్పగా పడియుండుట చూడవచ్చును. అవి క్లచ్చి ప్లేట్లు. బండిలోని పెక్కు భాగములను అరగకుండ ఉండవలెనని తయారుచేయుదురు. క్లచ్చి ప్లేటును మాత్రము అరుగుటకే చేయుదురు. మరి అరిగిన పదార్థమంతయు ఎక్కడికి పోవును? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో క్లచ్చి చరిత్రను మొదటి నుండి చూడవలెను.

క్లచ్చి ఎందుకు?

ఆవిరి యంత్రము నిలిచియున్న స్థితి నుండియే బరువును లాగగలదు. పెట్రోలు, డీజిలు ఇంజన్లకు ఆ శక్తి లేదు. అవి ముందుగా తిరుగుచుండవలెను; ఆ తరువాతనే వాటికి పని అప్పగించవలెను. కనుక తిరుగుచున్న ఇంజనుకు, కదలని చక్రములకు మధ్య మెల్లగా పొత్తు కుదుర్చు సాధనము ఒకటి అవసరము. అదియే క్లచ్చి.

పూర్వము మన ఊళ్లలోని పిండిమరలను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. మర ఆపవలసి వచ్చినపుడు పట్టాను ఇరుసుతో తిరుగు కప్పీ మీది నుండి వట్టిగా తిరుగు కప్పీ మీదికి నెట్టెడివారు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1885లో తయారుచేసిన మూడు చక్రముల మోటారుబండిలో ఉన్న ఏర్పాటు కూడ ఇట్టిదే.

శంకువు, తోలు, ఆముదము

ఇంజన్ల బలము పెరిగిన కొలది పట్టా చాలలేదు. అప్పుడు శంకు ఆకారపు క్లచ్చి వాడుకలోనికి వచ్చినది. ఇంజను చివరనున్న బరువైన చక్రములో, అనగా ఫ్లైవీలులో, గరాటు వంటి పల్లము ఉండును. దానిలోనికి తోలు తొడిగిన శంకువును ఒక స్ప్రింగు నొక్కి పట్టును. శంకువు వాలు 12 డిగ్రీల చిల్లర ఉన్నచో, మేకు బిగిసినట్లు బిగిసి, స్ప్రింగు ఒత్తిడికి సుమారు నాలుగున్నర రెట్ల ఒత్తిడి తోలుపై పడును. చిన్న స్ప్రింగుతో పెద్ద పట్టు దొరుకుటకు ఇదియే కారణము.

నిజాము నవాబుల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెసులో ప్రదర్శనకు ఉంచబడినది. సిల్వర్ ఘోస్ట్ కార్లకు అమర్చినది శంకు క్లచ్చియే. ఆ కాలపు తోలు క్లచ్చిలకు ఒక జబ్బు ఉండెడిది. తోలు ఎండి గట్టిపడినచో క్లచ్చి ఒక్కసారిగా పట్టుకొని బండి ఎగిరి దూకును. అందుచేత డ్రైవర్లు తోలుకు ఆముదము పట్టించెడివారు. ఆముదము ఎక్కువై జారినచో ముల్తానీ మట్టి చల్లెడివారు. ఆముదపు పంటకు పేరుపడిన తెలంగాణములో ఈ చికిత్సకు కరవు లేదు.

వేడి లెక్క

తోలు ఎందుకు నిలువలేదు? నిలిచియున్న బండిని, స్థిరవేగముతో తిరుగుచున్న ఇంజనుతో క్లచ్చి ద్వారా కలిపినపుడు, బండికి ఎంత గతిశక్తి వచ్చునో అంత శక్తి క్లచ్చిలో వేడిగా మారును. డ్రైవరు ఎంత నేర్పరియైనను ఈ సగము నష్టము తప్పదు. 1,000 కిలోల కారు సెకనుకు 3 మీటర్ల వేగము అందుకొనుటకు 4,500 జౌళ్ల శక్తి కావలెను. మరొక 4,500 జౌళ్లు క్లచ్చిలో వేడియగును. 100 గ్రాముల ఇనుమును 100 డిగ్రీల మేర వేడిచేయుటకు ఇది చాలును. 16 టన్నుల లారీకైనచో ఈ వేడి 16 రెట్లు. రద్దీలో నిమిషమునకొకసారి ఆగి బయలుదేరు బండిలో తోలు కమిలిపోవుట వింత కాదు.

రాతినార ప్రవేశము

శంకువుకు బదులు బల్లపరుపు పలకలను వాడు పద్ధతులు కూడ వచ్చినవి. హేలీ షా అను ఆచార్యుడు నూనెలో మునిగియుండు పెక్కు పలకల క్లచ్చిని రూపొందించినాడు. 1936లో వచ్చిన ఎం.జి. టి.ఎ. అను బ్రిటిషు స్పోర్ట్సు కారులో నూనెలో తడిసిన కార్కు ముక్కలు ఘర్షణకు ఆధారము. కాని చివరకు నెగ్గినది ఒంటి ప్లేటు పొడి క్లచ్చి. ఫ్లైవీలుకు, ప్రెషర్ ప్లేటుకు నడుమ రెండువైపుల లైనింగు గల ఒక పలక ఇమిడియుండును. ఎడమకాలితో పెడలు తొక్కినపుడు పలక విడివడును.

దీని పట్టును లెక్కించుట తేలిక. ఒత్తిడి 4,000 న్యూటన్లు, ఘర్షణ గుణకము 0.35, సగటు వ్యాసార్ధము 9 సెంటీమీటర్లు అనుకొందము. ముఖములు రెండు కనుక 2 × 0.35 × 4,000 × 0.09 = 252 న్యూటన్ మీటర్ల మెలితిప్పును అది భరించును. నూనె కారి గుణకము 0.2కు పడిపోయినచో 144 మాత్రమే మిగులును. ఇంజను 150 ఇచ్చుచున్నచో ప్లేటు జారును. ఇంజను అరచును గాని బండి సాగదు.

కనుక వేడికి గుణకము పడిపోని పదార్థము కావలసివచ్చినది. ఇంగ్లండులో 1897లో హెర్బర్టు ఫ్రూడ్ బ్రేకు లైనింగుల పరిశోధన ఆరంభించి ఫెరోడో సంస్థను స్థాపించినాడు. 20వ శతాబ్ది తొలి దశాబ్దములోనే అక్కడ రాతినార, అనగా ఆస్బెస్టాస్, వాడుకలోనికి వచ్చినది. రాయి వలె కాలదు, నూలు వలె నేయవచ్చును. మన కడప జిల్లాలోని పులివెందుల ప్రాంతమున దొరకినది కూడ క్రిసోటైల్ అను ఈ జాతి రాతినారయే. 1932లో నిజాము రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభమైన కాలమునకు ప్రపంచమంతట క్లచ్చి, బ్రేకు లైనింగులకు రాతినార స్థిరపడియున్నది. 20వ శతాబ్ది చివరి దశాబ్దముల వరకు దాని రాజ్యము సాగినది.

ధూళిలోని వ్యాధి

రాతినార నారలు కంటికి కనబడనంత సన్నగా చీలి గాలిలో తేలును. ఊపిరితిత్తులలో చేరి అక్కడనే నిలిచిపోవును. 1924లో డాక్టరు కుక్ రాతినార మిల్లు కార్మికురాలి ఊపిరితిత్తులకు కలిగిన వ్యాధిని వర్ణించినాడు. 1930లో బ్రిటిషు ప్రభుత్వ పరిశీలకులు మియర్‌వెదర్, ప్రైస్ కార్మికులలో ఈ వ్యాధి ఎంతగా వ్యాపించెనో నివేదించినారు. 1955లో రిచర్డు డాల్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో దీని సంబంధమును చూపినాడు. 1960లో దక్షిణాఫ్రికా నుండి వాగ్నర్, ఆయన సహచరులు ఊపిరితిత్తుల పైపొరకు వచ్చు క్యాన్సరును గూర్చి ప్రకటించినారు. వ్యాధి బయటపడుటకు దశాబ్దములు పట్టుట ఇందలి పెద్ద చిక్కు. అందుకనియే మన సుప్రీంకోర్టు 1995 నాటి తీర్పులో, రాతినార కార్మికుల ఆరోగ్య వివరములను కనీసము 40 ఏండ్లు భద్రపరచవలెనని ఆదేశించినది. బ్రిటను 1999లో, ఐరోపా సమాఖ్య దేశములు 2005 నాటికి దీని వాడకమును నిషేధించినవి.

క్లచ్చిలో పుట్టు వేడికి నారలలో చాలా భాగము వేరొక ఖనిజముగా మారును. కాని అంతయు మారదు. ఇంత వరకు పీల్చినను భయము లేదు అను హద్దు ఏదియు ఇంతవరకు తేలలేదు.

పాత కారుకు కొత్త ప్లేటు

1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. అను స్పోర్ట్సు కారును తీసికొందము. దీని క్లచ్చిని మార్చవలెనన్నచో ఇంజనును పైకెత్తి తీయవలసినదే. గేరుపెట్టెను మాత్రము విడదీయుటకు చోటు లేదు. ఇంత శ్రమ కనుక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజు బేరింగు మూడింటిని ఒకేసారి మార్చుట తెలివి. ఫ్లైవీలు ముఖముపై గాట్లు, వేడికి కలిగిన నీలి మచ్చలు ఉన్నవేమో చూడవలెను. ప్లేటును నట్టనడుమ నిలుపు పుల్లను వాడనిచో గేరుపెట్టె ఇరుసు దూరదు.

అయితే వీటన్నిటికంటె ముందు పని వేరొకటి కలదు. క్లచ్చి గూడు తెరచిన వెంటనే గాలి పైపుతో ధూళిని ఊదుట మన షెడ్లలో అలవాటు. పాత ప్లేటు రివెట్లు ఊడదీసి, లైనింగును సానపట్టి మరల బిగించుట మరొక అలవాటు. ఈ రెండును విడువవలెను. ధూళిని నీటితో తడిపి, తడిగుడ్డతో తుడిచి, గుడ్డతో సహా పాలిథీను సంచిలో మూటకట్టవలెను. ముక్కుకు చేతిరుమాలు చాలదు. సన్నని నారలను ఆపగల ముసుగు ఉండవలెను. పనిబట్టలతో ఇంటికి పోయి పిల్లలను ఎత్తుకొనరాదు.

పాత కారును పుట్టిన రూపముననే నిలుపవలెనని కోరువారు కలరు. ఆ కోరిక మంచిదే. తోలు క్లచ్చికి తోలే తొడిగి ఆముదము పట్టించవచ్చును. కాని 1960 నాటి కారుకు ఆ నాటి రాతినారయే కావలెననరాదు. గాజునార, అరామిడ్ నార, ఇత్తడి తీగ కలిపి చేసిన లైనింగులు ఆ కొలతలకే దొరకుచున్నవి. ఇక ఏ కాలపుదో తెలియని ప్లేటు చేతికి వచ్చినచో, కారుదైనను, లారీదైనను, ట్రాక్టరుదైనను, అందు రాతినార ఉన్నదనియే భావించి పని ఆరంభించవలెను. పటాన్‌చెరు షెడ్డులో ఉస్తాదు కొత్తగా చేరిన కుర్రవానికి స్పానరు పట్టుట నేర్పునాడే ఈ సంగతి కూడ చెప్పుట మేలు.