అల్లకుండా జరిపేసిన కుట్టు

మేజోడుకు ముందుగా చిల్లిపడేది మడమ దగ్గరే. బూటుకి రోజంతా రాసుకునే చోటు అదే కదా. మేజోళ్లు ఇంట్లోనే అల్లుకునే కాలంలో ఐరోపా ఆడవాళ్లు దీనికో ఉపాయం పట్టారు. మడమ వెనకభాగం వచ్చేసరికి ఒక కుట్టు అల్లి, పక్కదాన్ని అల్లకుండా ఎడమ సూది మీంచి కుడి సూది మీదికి ఊరికే జరిపేస్తారు. దారం దాని వెనకనుంచి పోతుంది. అల్లిక దగ్గరపడి దళసరిగా, బిగుతుగా తయారవుతుంది. స్లిప్ స్టిచ్ అంటే ఇదే. అందం కోసం చేసింది కాదు. బూటులో ఉన్న మడమను చూసేదెవరు?

పేరు తెలియకపోయినా ఈ పని మనవాళ్లకూ కొత్తకాదు. రైల్వే క్వార్టర్సులో ఇరుగుపొరుగు హిందీవాళ్ల దగ్గర స్వెట్టర్లు నేర్చుకున్న మా పెద్దమ్మ సీదా (నిట్ కుట్టు), ఉల్టా (పర్ల్ కుట్టు) అంటూ వాళ్ల మాటల్లోనే అల్లేది. "మొదటి ఫందా (కుట్టు) అల్లకే, ఊరికే దించు. అంచు తిన్నగా వస్తుంది" అనేది నాతో.

మడమకు బలమిచ్చిన ఈ జరిపిన కుట్టే తర్వాత రంగుల పనికీ అక్కరకొచ్చింది. అల్లికలో రంగుల సరదా మాత్రం చాలా పాతది. ఈజిప్టులో దొరికిన మధ్యయుగాల నూలు మేజోళ్ల మీదే నీలం, తెలుపు బొమ్మలున్నాయి. స్కాట్లాండ్ ఉత్తరాన ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవి ఈ రంగుల పనికి పెట్టింది పేరు. 1922లో సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ మైదానంలో వేల్స్ యువరాజు ఆ స్వెట్టర్ తొడుక్కుని కనిపించాక దానికి గిరాకీ ఎక్కడికో పోయింది. అయితే ఆ పద్ధతిలో ఒకే వరసలో రెండు రంగుల దారాలు ఆడించాలి. పనిలేని దారం వెనక సాగుతూ ఉంటుంది. బిగిస్తే గుడ్డ ముడతపడుతుంది, వదిలేస్తే వేళ్లకు తగులుకుంటుంది.

ఈ చిక్కు లేకుండా, వరసకు ఒకే రంగుతో బొమ్మలు తెప్పించే దారిని పద్ధతిగా పుస్తకాల్లో పెట్టింది అమెరికా రచయిత్రి బార్బరా వాకర్. 1930లో ఫిలడెల్ఫియాలో పుట్టి, పత్రికల్లో పనిచేసిన మనిషి. ఎక్కడెక్కడి అల్లిక నమూనాలూ పోగేసి 1968లో ఒక సంకలనం, 1970లో రెండోది తెచ్చారు. కుట్టు జరిపి రంగు మార్చడం అంతకుముందూ ఉన్నదే. దానికి నియమాలు కట్టి, మొజాయిక్ అని పేరుపెట్టి, 1976లో విడిగా పుస్తకమే రాశారామె. తర్వాత స్త్రీ దేవతల గురించీ పురాణాల గురించీ పెద్ద పెద్ద గ్రంథాలు రాశారు. నాకైతే ఆమె అల్లిక బొమ్మలు గీసిన గళ్ల కాగితాలే గొప్పగా కనిపిస్తాయి.

పని ఇలా సాగుతుంది. నీలంతో రెండు వరసలు, పసుపుతో రెండు వరసలు, మళ్లీ నీలం. పసుపు వరసలో నీలం కనబడాల్సిన చోట, కిందినుంచి వచ్చిన నీలం కుట్టును అల్లకుండా జరిపేయాలి. అది పైకి సాగి పసుపుకు అడ్డంగా నిలబడుతుంది. తిరుగు వరసలో బుర్రకు పనేలేదు: పసుపుంటే అల్లు, నీలముంటే జరుపు. అందుకే వాకర్ గీసిన పటంలో ఒక గీతకు రెండు వరసలు. తిరుగు వరస కూడా సీదాయే అల్లితే పసుపు చిన్న చిన్న గట్లలా పైకి లేస్తుంది, నడుమ నీలం నున్నగా నిటారుగా ఉంటుంది. చేత్తో తడిమినా బొమ్మ తెలుస్తుంది. తిరగేస్తే మాత్రం బొమ్మ మాయం, తెగిన చారలే.

ఈ అల్లికకు కౌల్ బాగా నప్పుతుంది. కౌల్ అంటే కొసల్లేని మఫ్లర్, గొట్టంలా అల్లి తలమీంచి వేసుకునేది. క్రైస్తవ సన్యాసుల తలముసుగు పేరే దానికి అంటుకుంది. గుండ్రటి సూది మీద అల్లితే వెనక్కి తిరిగే పని ఉండదు, అప్పుడు రెండో చుట్టు ఉల్టా.

నేనూ ఒకటి అల్లాను, మామూలు అల్లిక లెక్కన కుట్లు ఎక్కించి. నీలం, పసుపు చక్కగా కుదిరాయి. ఆరంగుళాలు వచ్చాక తొడుక్కోబోతే చెవుల దగ్గర ఆగిపోయింది. జరిపిన కుట్లున్న గుడ్డ అంతగా సాగదు. మడమను కాపాడిన బిగుతే ఇక్కడ అడ్డంపడింది. సూది ఒక నంబరు పెద్దది తీసుకుని, కుట్లు మరో ఇరవై ఎక్కువ ఎక్కించి మళ్లీ మొదలుపెట్టాను. మొదటిది కాఫీ ఫ్లాస్కుకు సరిగ్గా సరిపోయింది.