వాల్వు పెట్టెలో పేర్లు

విశాఖపట్నంలో ఒకప్పటి మైకు సెట్టు ఎలా ఉండేదో ఈనాటి విద్యార్థులకు కొంత చెప్పవలసి ఉన్నది. వన్ టౌన్‌లో మా ఇంటి దగ్గర అద్దె సెట్ల దుకాణం ఒకటుండేది. మీట నొక్కగానే శబ్దం వచ్చేది కాదు. గాజు వాల్వులలోని తీగ కాగి ఎర్రబడేదాకా ఆగాలి; ఆ తరువాతనే గొట్టం "హుమ్" అనేది. పెళ్లికీ ఆ పెట్టే, బుర్రకథకూ ఆ పెట్టే, రేవు కూలీల సభకూ ఆ పెట్టే. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న మాట మొదట నా చెవిని పడ్డది అటువంటి గొట్టంలోంచే. ఆ నవంబరు 1న ఊళ్లో కాల్పులు జరిగాయి. కొన్నాళ్లు ఆ దుకాణం తలుపు తెరవలేదు.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి నా పూర్వ విద్యార్థి ఒకడు కారణం. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. సాయంకాలాలు గిటారు వాయిస్తాడు. "మాస్టారూ, పాత వాల్వు ఆంప్లిఫయరు తెప్పించాను, వచ్చి వినండి" అన్నాడు. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950లలో చేసిన చాంప్ అనే చిన్న పెట్టె. సుమారు అయిదు వాట్లు, ఎనిమిది అంగుళాల స్పీకరు, మూడే వాల్వులు. నేర్చుకునే పిల్లల కోసం చౌకగా చేసిన సరుకది. దానికి అతడు పోసిన సొమ్ము విని తిట్టబోయాను. వాయించాక తిట్టలేకపోయాను.

పాతదనే మోజు ఒక్కటే అయితే ఇంత ఆకర్షణ ఉండదు. వాల్వులో కాగిన లోహం నుండి ఎలక్ట్రానులు వెలువడుతాయి. మధ్యనున్న జల్లెడ వంటి తీగ వాటి ప్రవాహాన్ని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. శక్తికి మించి పనిచేయిస్తే ట్రాన్సిస్టరు స్వరాన్ని కోసివేసినట్లు తెంపుతుంది. వాల్వు క్రమంగా లొంగుతుంది. స్వరం గరుకెక్కి, బొంగురుపోయి, మనిషి గొంతును తలపిస్తుంది. ఇంజనీర్ల లెక్కలో అది లోపం. ఆ లోపాన్ని సంగీతం చేసినవారెవరు? మడ్డీ వాటర్స్ 1943లో మిసిసిపీ పత్తి చేలు విడిచి షికాగో చేరిన నల్లజాతి శ్రామికుడు. సారా దుకాణాల రద్దీలో ఉత్త గిటారు ఎవరికీ వినిపించదు. అతడూ, అతని వంటివారూ చిన్న పెట్టెలను చివరిదాకా పెంచి వాయించారు. ఆ గరుకు తరువాత లోకమంతా పాకింది.

నా విద్యార్థి పెట్టెను విప్పి లోపల చూపించాడు. ఒక అంటుపట్టీ మీద ఆడమనిషి పేరు, ఒకే ఒక్క ముక్క, ఇంటిపేరు కూడా లేదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఈ పెట్టెలకు తీగలు కలిపి టంకం పెట్టినవారిలో చాలామంది మెక్సికన్ సంతతి స్త్రీలు. పని ముగించి లోపల పేరు రాసి అంటించేవారు. సరుకు వెనుక శ్రమ ఎలా కనుమరుగవుతుందో మార్క్స్ 1867లోనే విప్పిచెప్పాడు. ఇక్కడ శ్రమ కనబడుతూనే ఉన్నది, పైగా సేకరణదారులు ఆ పేరు కోసం వెదుకుతున్నారు. ఆమెకు దక్కినది మాత్రం ఆనాటి కూలి.

ఇంకొక చిత్రం. 1954లో స్థాపించిన మన భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా బెంగళూరులో ఒకప్పుడు వాల్వులు చేసింది. నేడు గిటారు పెట్టెలకు కొత్త వాల్వులు చాలావరకు రష్యాలోని సరాతోవ్ నుండి, స్లొవేకియా నుండి, చైనా నుండి రావాలి. సోషలిస్టు కాలపు పరిశ్రమలు మిగిల్చిన పనితనం అమెరికా వాద్యానికి ఊపిరిపోస్తున్నదన్న మాట! 2022లో రష్యా ఎగుమతులు నిలిపివేసేసరికి వాద్యకారులు గగ్గోలుపెట్టారు.

మరి మా వన్ టౌన్ పెట్టెలు? బుర్రకథ గురించి, ప్రజానాట్యమండలి గురించి నేను చదివిన పుస్తకాలు చాలానే. మైకు పెట్టినవాని పేరు వాటిలో నాకు కనబడలేదు. మా దుకాణదారుకు ఒక అలవాటుండేది. పెట్టె ఏ వీధికి, ఏ సభకు పోయి వచ్చిందో మూత లోపలివైపు సుద్దముక్కతో తేదీ వేసి రాసేవాడు. ఆ లెక్క అద్దె కోసమే గాని చరిత్ర కోసం కాదు. ట్రాన్సిస్టరు సెట్లు వచ్చాక ఆ పెట్టెలను ట్రాన్స్‌ఫార్మరులోని రాగి కోసం తూకానికి అమ్మేశాడు, మూతలతో సహా.