రాజుగారి ఆడపడుచులు

పెళ్ళయిన మరునాటికల్లా ఇంటిపేరు మారిపోయే మనకి, ఫ్రెంచి కెనడావారి పాత చర్చి పుస్తకాల సంగతి వింటే కాస్త ఈర్ష్యే కలుగుతుంది. మూడువందల యాభై ఏళ్ళ కిందట క్విబెక్‌లో ఒకావిడ పెళ్ళాడినా, పిల్లల్ని కన్నా, చివరికి కన్నుమూసినా, చర్చి గురువు ఆమెను పుట్టింటి పేరుతోనే రాసేవాడు. పక్కన "ఫలానావారి భార్య" అని ఉంటుంది. ఉండనీయండి, పేరు మాత్రం ఆవిడదే. 1981 నుంచి అక్కడ చట్టం కూడా అదే మాట చెబుతోంది.

ఆ ఒక్క అలవాటు వల్ల అక్కడివాళ్ళు తాతల్నే కాదు, అమ్మమ్మకి అమ్మమ్మని కూడా వెతుక్కోగలుగుతున్నారు. పెళ్ళి నమోదులో వధూవరుల పేర్లతోపాటు ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ, ఫ్రాన్సులో ఏ ఊరివాళ్ళన్నదీ రాసేవారు. ఒక పెళ్ళి దొరికితే దాని వెనకాల మరో రెండు పెళ్ళిళ్ళు దొరుకుతాయన్నమాట. 1640లో క్విబెక్ చర్చి తగలబడి పుస్తకాలన్నీ బూడిదైపోతే, ఊరివాళ్ళ జ్ఞాపకాల మీద ఆధారపడి మళ్ళీ రాసుకున్నారు. ఏ బిడ్డ ఏ ఏడు పుట్టిందో ఆ రోజు ఎంతమంది తల్లులు వేళ్ళు మడిచి లెక్క చెప్పారో! తర్వాత తర్వాత రెండేసి ప్రతులు రాసి, ఒకటి చర్చిలోనూ రెండోది న్యాయస్థానంలోనూ దాచడం మొదలైంది.

చిక్కులూ లేకపోలేదు. 1665లో వచ్చిన సైనికులకు పట్టాళంలో పెట్టిన ముద్దుపేర్లు ఉండేవి. ఒకడు "పువ్వు", ఇంకొకడు "చీకూచింతాలేనివాడు". ఆ పేర్లే కొందరికి ఇంటిపేర్లయి కూర్చున్నాయి. ఒకే తండ్రి బిడ్డల్లో ఒకడు అసలు పేరు పెట్టుకుంటే, రెండోవాడు ముద్దుపేరు పట్టుకు వేళ్ళాడాడు. తాంగే అనే గురువు ఈ చిక్కుముళ్ళన్నీ విప్పుకుంటూ 1871 నుంచి 1890 వరకూ ఏడు సంపుటాల వంశచరిత్ర అచ్చువేశాడు. తప్పులు దొర్లాయంటారు. ఒంటిచేత్తో అంత పని చేసినవాడికి ఆ మాత్రం దొర్లవూ?

ఆ సంపుటాల్లో చాలా కుటుంబాల మొదటి పుటలో ఒక "రాజుగారి ఆడపడుచు" కనిపిస్తుంది. 1666 జనాభా లెక్కలో ఆ వలసలో ఉన్నది 3,215 మంది. అందులో మగవాళ్ళు 2,034, ఆడవాళ్ళు 1,181. సంసారాలు లేనిదే ఊళ్ళు నిలబడవని పద్నాలుగో లూయీకి తెలుసు. 1663 నుంచి 1673 వరకూ తన ఖర్చుతో సుమారు 770 మంది ఆడపిల్లల్ని ఓడలెక్కించి పంపాడు. చాలామందికి తండ్రి లేడు. కొందరు పారిస్ అనాథాశ్రయం నుంచి వచ్చినవాళ్ళు. సారె పెట్టెలో ఏం పెట్టారో తెలుసా? ఒక టోపీ, చేతిరుమాలు, మేజోళ్ళు, చేతి తొడుగులు, దువ్వెన, కత్తెర, రెండు చాకులు, తెల్లదారం, వంద సూదులు, వెయ్యి గుండుసూదులు. వెయ్యి! ఆ అడవుల్లో బట్ట చిరిగితే కొనుక్కునేందుకు కొట్లెక్కడున్నాయి గనక? పెళ్ళికి 50 లీవ్రుల కట్నం రాజుగారిస్తానన్నాడు గాని, అది అందరికీ అందలేదు.

ఇంత కష్టపడి సంసారాలు నిలబెట్టిన ఆడవాళ్ళకి దక్కిన బహుమానం అపనింద. లాహోంతాన్ అనే దొర 1703లో ఒక పుస్తకం వేస్తూ, వీళ్ళంతా నడత చెడ్డవాళ్ళనీ, మగవాళ్ళు సంతలో పశువుల్ని బేరమాడినట్టు ఏరుకున్నారనీ రాశాడు. ఆ మహానుభావుడు కెనడాలో కాలుపెట్టింది 1683లో. అప్పటికి ఆఖరి ఓడ వచ్చి పదేళ్ళయింది! చూసినవాడు కాదు, విన్నదానికి ఉప్పూకారం చేర్చినవాడు. అయినా రెండున్నర శతాబ్దాలు ఆ మాటే చెలామణీ అయింది. ముత్తవ్వల పేరు తలుచుకోవడానికి మనవరాళ్ళు సిగ్గుపడ్డారు.

నింద తుడిచింది పాత కాగితాలే. 1952లో లాంక్తో, 1972లో సిల్వియో ద్యుమా, 1992లో ఈవ్ లాండ్రీ ఒక్కొక్క పిల్ల పేరే పట్టుకుని చర్చి పుస్తకాలూ, నోటరీల దస్తావేజులూ గాలించారు. కనబడింది పెళ్ళిళ్ళూ, పురుళ్ళూ, పొలాలూ. నోటరీ పత్రాల్లో నాకు బాగా నచ్చినది ఇంకోటుంది. ఒకడితో పెళ్ళి ఒప్పందం రాయించుకుని, వాడి వాలకం నచ్చక రద్దు చేసుకుని, మరొకడిని చేసుకున్న పిల్లలున్నారు. ఏరుకున్నది ఎవరు ఎవరినో దొరగారే చెప్పాలి! మాంట్రియాల్‌లో మార్గరీత్ బూర్జ్వా అనే సన్యాసిని వాళ్ళని తన ఇంట్లో పెట్టుకుని, ఇల్లు నడపడం నేర్పి మరీ అత్తవారిళ్ళకి పంపేది. ఆ పత్రాల చివర చాలాచోట్ల "సంతకం చేయుట రాదని చెప్పినది" అని ఉంటుంది. అక్షరం రాని ఆడవాళ్ళ మర్యాద అక్షరాలే నిలబెట్టాయి.

1763 పారిస్ సంధిలో కెనడా ఇంగ్లీషువాళ్ళ వశమైంది. అదే సంధిలో పుదుచ్చేరి, మన యానాం ఫ్రెంచివారికి తిరిగి దక్కాయి. అందుకే ఫ్రాన్సులో ఎక్స్ పట్టణంలోని వలసల దస్తావేజుశాలలో క్విబెక్ కాగితాలూ, పుదుచ్చేరి కాగితాలూ ఒకే కప్పు కింద ఉంటాయి.

అయితే పుస్తకం తెరిచాక మనకి కావలసిన పుటే చదివి మూసేస్తామంటే కుదరదు. వంశం వెతుక్కునేవాళ్ళకి అదే పుటల్లో ఇంకొకరు ఎదురవుతారు. 1709 శాసనం అక్కడ బానిసల్ని కొనడం, అమ్మడం సక్రమమే అంది. మార్సెల్ త్రుదెల్ 1960లో ఆ సంగతిమీద పుస్తకం వేసేదాకా, చల్లటి దేశంలో బానిసలేమిటని చాలామంది అనుకునేవారు. ఆయన చర్చి పుస్తకాలనుంచే ఏరి, 3,600 మందిని పేరుపేరునా లెక్క తేల్చాడు. మూడింట రెండువంతులు అక్కడి ఆదివాసులు. "పానీ" అనేవారు వాళ్ళని. యజమానుల్లో గవర్నర్లున్నారు, వర్తకులున్నారు, మఠాలున్నాయి. మా వంశం వెతికిపెట్టమని అడిగినవాళ్ళలో కొందరి తాతముత్తాతలూ ఉన్నారు.

ఆ ఆదివాసీ బానిసలు సగటున పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పోయారు. రాజుగారి ఆడపడుచుకి పుట్టింటి పేరూ, తల్లి పేరూ, ఊరి పేరూ రాసిన ఆ గురువే ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి బాప్తిజంలో పెట్టిన పేరొకటీ, వయసు సుమారుగా ఇంత అనీ, ఫలానా దొరగారి సొత్తు అనీ రాసి ఊరుకున్నాడు. తల్లి పేరు ఉండవలసినచోట ఏమీ లేదు.