వీధికి మించిన బండి: పెద్ద కారు పుట్టుపూర్వోత్తరాలు

ఉత్తర ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో, బత్రా సినిమా చుట్టుపక్కల సందుల్లో సివిల్ సర్వీసెస్‌కు చదివే కుర్రాళ్లు అద్దెకుండే గదులు ఎక్కువగా పది అడుగుల పొడవు, తొమ్మిది పది అడుగుల వెడల్పు ఉంటాయి. ఒక మంచం, ఒక బల్ల, గోడ మీద రెండు పటాలు, మిగతా జాగా అంతా పుస్తకాలు. దానికి నెలనెలా వేలల్లో అద్దె. అదే గది కిటికీ కింద ఒక టయోటా ఫార్చ్యూనర్ ఆగి ఉందనుకుందాం. దాని పొడవు 4.795 మీటర్లు, వెడల్పు 1.855 మీటర్లు. గుణిస్తే సుమారు 96 చదరపు అడుగులు. గదీ బండీ ఆక్రమించే జాగా దాదాపు ఒకటే. అద్దె బాకీ పడితే కుర్రాడి సామాను గుమ్మం బయటికి వస్తుంది. ఇంటి ముందు వీధిలో నిలిచే బండిని జాగా అద్దె అడిగే నాథుడు లేడు.

పెద్ద కార్ల మీద జనానికున్న విసుగుకు మూలం ఈ లెక్కే. నడవడానికి దారి ఉండదు, ఈ-రిక్షా తిరగదు, ఎదురుగా మరో బండి వస్తే ఇరవై హారన్లు ఒక్కసారి మోగుతాయి. ఈ బండ్లు ఇంత పెద్దవి కావడానికి ఎనభై ఏళ్లు పట్టింది. అందులో కంపెనీల పాత్ర ఎంతో ప్రభుత్వాల పాత్రా అంతే. ఆ కథ తెలిస్తే వీటిని ఎక్కడ కట్టడి చేయాలో కూడా తెలుస్తుంది.

జీపుతో మొదలు

నేటి ఎస్‌యూవీలకు మూలపురుషుడు 1941లో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపు. దాని పొడవు సుమారు 3.36 మీటర్లు, వెడల్పు 1.57 మీటర్లు. మన మారుతి 800 కంటే రెండున్నర సెంటీమీటర్లు పొడవు, అంతే. బురదలో, గుట్టల్లో, రోడ్డే లేనిచోట తిరగడానికి పుట్టిన పనిముట్టు అది.

1945లో మొదలైన మహీంద్రా అండ్ మహమ్మద్ కంపెనీ 1947లో విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడం ప్రారంభించింది. మరుసటి ఏడే దాని పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక జీపు పల్లె దారి పట్టింది. బ్లాకు డెవలప్‌మెంట్ ఆఫీసరు, తహసీల్దారు, సర్కిల్ ఇన్‌స్పెక్టరు అందరిదీ అదే బండి. మట్టిరోడ్డు మీద దుమ్ము లేచిందంటే సర్కారు వస్తున్నట్టే. పిల్లలు వెనకాల పరుగెత్తేవారు, అరుగుల మీది పెద్దలు లేచి నిలబడేవారు. జీపు అవసరం కొద్దీ వచ్చింది. దానిలో కూర్చున్నది మాత్రం అధికారం. ఎత్తు బండికి దారి ఇచ్చి పక్కకు తప్పుకునే అలవాటు మనకు అక్కడే పడింది.

చిన్న కారు తెచ్చిన ఊరట

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కొద్దిమందికే అందిన రోజుల్లో, 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళంచెవిని కొనుగోలుదారు చేతికిచ్చారు. ఆ కారు పొడవు 3.335 మీటర్లు, వెడల్పు 1.44 మీటర్లు. ఆక్రమించే జాగా 52 చదరపు అడుగులు, అంటే ఫార్చ్యూనర్‌కు పట్టేదానిలో సగం కంటే కొంచెం ఎక్కువ.

దాని పుట్టింటి సంగతి చెప్పుకోవాలి. యుద్ధంలో చితికిపోయిన జపాన్ 1949లో కేయ్ కార్లు అనే ప్రత్యేక తరగతిని ఏర్పాటు చేసింది. నేటికీ ఆ తరగతి కారు 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు, 660 సీసీ ఇంజిను దాటకూడదు. హద్దులో ఉన్నవాటికి పన్ను తక్కువ. మారుతి 800కు మాతృక అయిన సుజుకీ ఆల్టో ఆ సంప్రదాయంలోంచి వచ్చిందే. జపాన్ 1962లో ఇంకో చట్టం కూడా చేసింది. బండి నిలిపే సొంత జాగా ఉన్నట్టు రుజువు చూపించాలి, రాత్రుళ్లు వీధిని గ్యారేజీగా వాడుకోవడం కుదరదు. మనం కారు తెచ్చుకున్నాం, ఆ చట్టాన్ని అక్కడే వదిలేశాం.

ముఖర్జీ నగర్ పక్కనే ఉన్న కింగ్స్‌వే క్యాంపు దేశ విభజన నాటి శరణార్థుల పెద్ద శిబిరం. ఆ చుట్టుపక్కల లేచిన కాలనీల వీధులు కారు అరుదుగా కనిపించిన కాలంలో గీసినవి. 2011 జనగణన నాటికి కూడా ఢిల్లీలో సుమారు అయిదిళ్లకు ఒక ఇంట్లోనే కారుంది. చిన్న కార్లున్నంత కాలం ఆ వీధులు ఎలాగో సర్దుకున్నాయి.

సుమో నుంచి ఫార్చ్యూనర్ దాకా

1991లో టాటా సియెరా, 1994లో సుమో, 1998లో సఫారీ వచ్చాయి. 2000లో బొలేరో, 2002లో స్కార్పియో, 2009లో ఫార్చ్యూనర్. సుమో మొదట్లో పదిమందిని ఎక్కించుకునే బండి, పెళ్లిళ్లకు, తిరుపతి యాత్రలకు పనికొచ్చేది. తెలుగువాళ్లకు దాన్ని మరో రకంగా పరిచయం చేసింది సినిమా. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఘనవిజయం తర్వాత వరుస కట్టిన ఫ్యాక్షన్ చిత్రాల్లో బారులు తీరిన సుమోలు వచ్చాయంటే ఊరు తలుపులు వేసుకోవాల్సిందే. ఆ తర్వాత రాజకీయ నాయకుల కాన్వాయ్‌లూ అదే దారి పట్టాయి. జీపు మోసుకొచ్చిన భయభక్తుల్ని ఇవి వారసత్వంగా అందుకున్నాయి. సొంత డబ్బుతో ఆ ఎత్తు కొనుక్కోవచ్చని మధ్యతరగతికి తెలిశాక గిరాకీ ఆగలేదు.

అమెరికాలో జరిగింది వేరు. అక్కడ 1975లో వచ్చిన ఇంధన పొదుపు చట్టం కింద కార్లకు గట్టి ప్రమాణం, చిన్న ట్రక్కులకు సడలించిన ప్రమాణం పెట్టారు. కంపెనీలు కుటుంబాలు వాడే బండినే ట్రక్కు కోవలోకి చేర్చి పెంచుకుంటూ పోయాయి. రైతు కోసం ఇచ్చిన సడలింపు నగరవాసి గ్యారేజీ చేరింది. 2023లో ప్రపంచవ్యాప్తంగా అమ్ముడైన కార్లలో 48 శాతం ఎస్‌యూవీలేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. మన దేశంలో 2024-25లో అమ్ముడైన సుమారు 43 లక్షల ప్రయాణికుల వాహనాల్లో దాదాపు 28 లక్షలు యుటిలిటీ తరగతివి. వీటిలో చిన్న ఎస్‌యూవీలు, ఏడు సీట్ల బండ్లు కూడా ఉన్నాయి. అయినా గాలి ఎటు వీస్తోందో తెలియడానికి ఆ అంకె చాలు.

పన్ను గీత, కంపెనీల దాటవేత

మన ప్రభుత్వాలు ప్రయత్నం చేయలేదని అనలేం. 2006 బడ్జెట్లో అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం చిన్న కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజిను 1200 సీసీ, డీజిలు 1500 సీసీ మించకూడదు. ఉద్దేశం మంచిదే. కాని పొడవుకు హద్దు పెట్టి వెడల్పును, ఎత్తును, బరువును వదిలేశారు. 2016లో వచ్చిన మారుతి విటారా బ్రెజా పొడవు 3.995 మీటర్లు, వెడల్పు 1.79 మీటర్లు. పొడవులో గీతకు అర సెంటీమీటరు ఇవతల ఆగింది, వెడల్పులో మారుతి 800 కంటే 35 సెంటీమీటర్లు పెరిగింది. ఇరుకు సందులో మనిషి పక్కకు తిరిగి నడిచే జాగా అంతే ఉంటుంది.

2013 బడ్జెట్లో అదే చిదంబరం ఎస్‌యూవీలపై సుంకాన్ని 27 నుంచి 30 శాతానికి పెంచారు. ఇవి రోడ్డు మీదా పార్కింగులోనూ ఎక్కువ జాగా తీసుకుంటాయి కాబట్టి ఎక్కువ కట్టాలన్నది ఆయన వాదన. పార్లమెంటులో ఒక ఆర్థికమంత్రి జాగా గురించి ఇంత సూటిగా మాట్లాడటం అరుదు. అమల్లోకి వచ్చేసరికి నిర్వచనంలో నేలకూ బండి అడుగుభాగానికీ మధ్య 170 మిల్లీమీటర్ల ఎత్తు అనే షరతు చేరింది. ఒక కంపెనీ తన బండిని కాస్త కిందికి దించి ఆ మెలికలోంచి బయటపడింది. ఏడాది తిరక్కుండానే 2014 తాత్కాలిక బడ్జెట్లో ఆ 30 శాతం 24కు దిగింది.

2017లో జీఎస్టీ వచ్చాక సెస్సుతో కలిపి పెద్ద ఎస్‌యూవీ మీద పన్ను 50 శాతానికి చేరింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18, పెద్దవాటికి 40 శాతం చేశారు. పెద్ద బండికీ పది పాయింట్ల తగ్గింపు దక్కింది. విద్యుత్ కారైతే ఎంత పొడవున్నా ఎంత బరువున్నా 5 శాతమే. పొగ విషయంలో అది న్యాయమే. జాగా విషయానికొస్తే రెండు టన్నుల విద్యుత్ బండి సందుకు ఇచ్చే వెసులుబాటు ఏమీ లేదు.

కోర్టు గీసిన గీతా అంతే

పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యం దశాబ్దాలుగా ఢిల్లీ గాలిని కాపాడే ఆయుధంగా ఉంది. 2015 డిసెంబరు 16న ఆ కేసులోనే సుప్రీంకోర్టు 2000 సీసీ, ఆపైన డీజిలు కార్ల రిజిస్ట్రేషన్‌ను ఢిల్లీ, జాతీయ రాజధాని ప్రాంతంలో నిలిపివేసింది. నెల తిరిగేసరికి 2 లీటర్ల లోపు, 1.99 లీటర్ల ఇంజినుతో అవే బండ్లు ముస్తాబై వచ్చాయి. 2016 ఆగస్టు 12న ధరలో ఒక శాతం పర్యావరణ రుసుము కట్టించుకుని కోర్టు నిషేధం ఎత్తేసింది. లక్షలు పోసి కొనేవాడికి ఒక శాతం లెక్కలోకి రాదు.

పన్నూ తీర్పూ రెండూ బండి తయారయ్యే చోట గీత గీశాయి. ఇంజినీర్లు ఆ గీతను దాటడం నేర్చుకున్నారు. బండి రోజూ నిలిచే వీధిలో ఏ గీతా పడలేదు.

సందులో నిలిచే ప్రాణం

ఆ గీత ఎందుకు కావాలో ముఖర్జీ నగర్‌కు తెలుసు. 2023 జూన్ 15న ఇక్కడి భండారీ హౌస్ భవనంలో మంటలు లేస్తే విద్యార్థులు కిటికీల్లోంచి తాళ్లు, తీగలు పట్టుకుని దిగారు. ఎందరో గాయపడ్డారు. అలాంటి రోజున ఇలాంటి సందుల్లో ఏ ఇంటికైనా అగ్నిమాపక శకటం చేరగలదా అన్నది టేపు పెట్టి కొలవాల్సిన ప్రశ్న. ఆరు మీటర్ల సందులో రెండు వైపులా మారుతి 800లు నిలిపితే మధ్యలో 3.12 మీటర్లు మిగులుతుంది. వాటి స్థానంలో ఫార్చ్యూనర్లు నిలిపితే మిగిలేది 2.29 మీటర్లు. ట్రక్కు మీద కట్టిన అగ్నిమాపక శకటం వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. మొదటి సందులో అది వెళ్తుంది, రెండో సందులో ఆగిపోతుంది.

మరుసటి ఏడు, 2024 జూలై 27న, తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఉండే ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వరద నీరు దూసుకొచ్చి ముగ్గురు చనిపోయారు. వారిలో ఒకరిది తెలంగాణలో స్థిరపడిన కుటుంబం. మునిగిన రోడ్డు మీద ఒక పెద్ద బండి వెళ్లడం, దాని అలకు గేటు ఊడటం వీడియోలో కనిపించడంతో జనం కోపమంతా ఆ బండి మీదికి మళ్లింది. పోలీసులు నడిపిన వ్యక్తిని అరెస్టు చేసి, కొద్ది రోజులకే ప్రధాన అభియోగాన్ని ఉపసంహరించుకున్నారు. బెయిలు వచ్చింది. సెల్లార్‌ను లైబ్రరీగా మార్చినవాళ్ల తప్పును, కాలువలు పట్టించుకోని యంత్రాంగం తప్పును మరిచి కోపమంతా ఒక్క డ్రైవరు మీద చూపడం సరికాదు. పెద్ద బండ్ల మీద ఆగ్రహం న్యాయమైనదే కాని, అది మనుషుల వేట కాకూడదు, నియమాలుగా మారాలి.

నడిచేవారి ప్రాణం సంగతీ ఉంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2023లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు పాదచారుల్ని ఢీకొంటే, వాలు ముక్కున్న చిన్న కార్లతో పోలిస్తే మరణించే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. 40 అంగుళాలంటే పెద్ద మనిషికి నడుముకు పైన, చిన్న బిడ్డకు తల.

ఏం చేస్తే తగ్గుతాయి

గతుకుల రోడ్లు, వరదలు, ఉమ్మడి కుటుంబాలు ఉన్న దేశంలో పెద్ద బండి అవసరమైనవాళ్లు ఉన్నారు. పాడేరు ఏజెన్సీలో రోగిని దించే బొలేరో మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. నగరం నడిబొడ్డున పక్క వీధికి వెళ్లడానికి రెండు టన్నుల ఇనుము కదలడమే ఫిర్యాదు.

మొదటి మందు వీధికి అద్దె. ప్యారిస్ 2024 ఫిబ్రవరి 4న దీనిపై జనాభిప్రాయం అడిగింది. ఓటేసినవాళ్లు తక్కువే, సుమారు 6 శాతం. అందులో 54.55 శాతం సరే అన్నారు. అక్టోబరు 1 నుంచి 1.6 టన్నులు దాటిన బండికి, విద్యుత్‌దైతే 2 టన్నులు దాటినదానికి, నగర మధ్యలో గంటకు 18 యూరోల పార్కింగ్ రుసుము పెట్టారు. స్థానికులకు తమ పేటలో మినహాయింపు ఇవ్వడం దాని లోపం. మన దగ్గర ఆ మినహాయింపు ఇస్తే మిగిలేది సున్నా. ఢిల్లీలోనైనా తెలంగాణలోనైనా రహదారి పన్ను బండి ధరను చూస్తుంది, అదీ కొన్నప్పుడు ఒక్కసారే. ఆక్రమించిన జాగాను బట్టి ఏటా వీధి రుసుము వసూలు చేస్తే ఏ ఇంజినీరూ దాన్ని దాటలేడు. తగ్గించుకోవాలంటే బండి నిజంగానే చిన్నది కావాలి.

రెండోది జపాన్ నియమం. ఢిల్లీ 2019లో పార్కింగ్ నిబంధనలు తెచ్చి ప్రాంతాలవారీ ప్రణాళికలు వేయమంది. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 బహిరంగ పార్కింగులో ఒక్కో కారుకు 23 చదరపు మీటర్ల జాగా లెక్కగట్టింది. అంత జాగా చూపించలేనివాడికి రిజిస్ట్రేషన్ ఎందుకివ్వాలి? మూడోది, అగ్నిమాపక శకటం పట్టేంత దారిని ప్రతి సందులో రంగుతో గీసి, ఆ గీత మీద నిలిచిన బండిని ఎవరిదైనా లాగేయడం.

నాలుగోది అన్నిటికంటే ముందు జరగాలి. అధికారుల బండి చిన్నది కావాలి. జీపు రోజుల నుంచి ఎత్తు బండికి గౌరవం అంటగట్టింది సర్కారే. 2017 మే 1న ఎర్రబుగ్గలు తీసేశారు, ఏ కలెక్టరు పనీ ఆగలేదు. నగరాల్లో తిరిగే ప్రభుత్వ వాహనాలకు పొడవు, వెడల్పు, బరువు హద్దులు పెట్టడానికి చట్టం కూడా అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.

ముఖర్జీ నగర్‌లోనైనా, హైదరాబాద్ అశోక్ నగర్‌లోనైనా, సివిల్స్ చదివే ప్రతి ఒక్కరూ 74వ రాజ్యాంగ సవరణను, పన్నెండో షెడ్యూలులోని 18 అంశాలను వల్లెవేస్తారు. అందులో 17వది వీధి దీపాలు, బస్టాపులతో పాటు పార్కింగ్ స్థలాలను కూడా పురపాలక బాధ్యతల్లో చేర్చింది. వీరిలో కొందరు రేపు మునిసిపల్ కమిషనర్లు అవుతారు. తాము అద్దె కట్టి బతికిన పది అడుగుల గది లెక్కను గుర్తుపెట్టుకుని, వీధిలోని ప్రతి బండి నుంచీ అదే కొలతతో అద్దె రాబట్టే అధికారం వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ పని చేయమని వాళ్లను అడగాల్సింది నడిచే మనమే.