వేషం కట్టిన విమర్శ

వరంగల్లు నుంచి ఖమ్మం పోయే దారిలోని మరిపెడ, వీరభద్రుని క్షేత్రంగా పేరుపొందిన కురవి ఒకప్పుడు కాకతీయుల ఏలుబడిలోని ప్రాంతాలు. మతాధికారాన్నీ రాజాధికారాన్నీ నిలదీసిన మధ్యయుగపు తెలుగు కళను వెతకాలంటే, గుడిగోడల శిల్పాల కంటె ముందు ఈ సీమలో పుట్టిన ద్విపద కావ్యాన్నీ, తెలుగునాట అంతటా తిరిగిన ఆటగాళ్ళ వేషాన్నీ పరిశీలించవలసి ఉంటుంది.

కాకతీయ ప్రభువు ప్రతాపరుద్రుడు ఓరుగల్లును పాలిస్తున్న కాలంలోనే ఫ్రాన్సులో ‘రోమన్ ద ఫోవెల్’ అనే కావ్యం వెలువడింది. అందులో ఫోవెల్ అనే గుర్రం రాజభవనంలో కొలువుదీరగా, పోపు మొదలు రాజుల దాకా అందరూ దాని ఒళ్ళు దువ్వడానికి ఎగబడతారు. 1317 ప్రాంతపు వ్రాతప్రతి ఒకటి ఆ కథను బొమ్మలతో సహా చూపుతుంది. తెలుగునాట అధికారాన్ని వెక్కిరించే ఆ పని పాట, ఆట చేశాయి. పాలకుర్తికి చెందినవాడుగా ప్రసిద్ధుడైన పాల్కురికి సోమనాథుడు, రెండేసి పాదాలుగా సాగుతూ సామాన్యులు సైతం పాడుకోగల ద్విపద అనే దేశి ఛందస్సులో బసవపురాణం రచించాడు. బసవన్న చిన్ననాడే ఉపనయనాన్ని నిరాకరించడం, వేదం తమ సొత్తని గర్వించిన పండితుల ఎదుట ఒక శివభక్తుడు కుక్కచేత వేదం చదివించడం వంటి కథలు పుట్టుకతో వచ్చే ఆధిక్యాన్ని నవ్వులపాలు చేశాయి. అయితే ఆ కవి ఆగ్రహం జైనులపైనా అంతే తీవ్రంగా విరుచుకుపడింది గనుక, దానిని నేటి సమతాభావంతో ఒకే గాట కట్టడం సరికాదు. ఆయన మరో కావ్యం పండితారాధ్య చరిత్ర, శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం ముందు సాగిన బొమ్మలాటలనూ నాటకాలనూ వర్ణించి, ప్రదర్శన కళలు ఆనాటికే ఎంత బలంగా వేళ్ళూనుకున్నాయో తెలుపుతుంది.

ఆ కళ రాజకీయంగా ఎంత పదునెక్కగలదో మాచుపల్లె కైఫీయతు చెబుతుంది. కైఫీయతులంటే ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామచరిత్రల దస్తావేజులు. మాచుపల్లె కైఫీయతు ప్రకారం 16వ శతాబ్దారంభంలో సిద్ధవటం సీమను పాలించిన సంబెట గురవరాజు, డబ్బు రాబట్టడం కోసం ఆడవారి స్తనాలకు చిరుతలు అనే హింసాసాధనాలు పట్టించి హింసించేవాడు. ఆ దారుణం కళ్ళారా చూసిన కూచిపూడి భాగవతులు విజయనగరం చేరి, వీరనరసింహరాయల ఎదుట కేళిక, అనగా కొలువులో ఆడే ఆట, ప్రదర్శించే అనుమతి పొంది, ఒకరు గురవరాజుగా, కొందరు భటులుగా, మరొకరు బాధితురాలైన స్త్రీగా వేషాలు కట్టి ఆ హింసనే ఆడి చూపారు. రాయలు దాని అర్థమేమిటని విచారించి, నిజం తెలుసుకొని సైన్యాన్ని పంపగా, గురవరాజు పట్టుబడి మరణశిక్షకు గురయ్యాడు. ఈ కథ అక్షరబద్ధమైనది సంఘటన జరిగిన సుమారు మూడు వందల ఏళ్ళకు గనుక ప్రతి వివరాన్నీ సాక్ష్యంగా తీసుకోలేము. అయినా నోరెత్తలేని ప్రజల మొరను వేషగాళ్ళు నేరుగా సింహాసనం ముందు నిలిపారన్న స్మృతిని అన్ని తరాలపాటు జనం కాపాడుకోవడమే ఆ కళకు దక్కిన గొప్ప గౌరవం.

తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా, పగటివేషాల్లో నానా వృత్తుల పాత్రలూ పెద్దల లోపాలను ఎత్తిచూపే పనిని తరువాతి కాలంలోనూ కొనసాగించారు. ఈ వేషగాళ్ళ మాటల్లో అధికభాగం ఏ తాళపత్రానికీ ఎక్కలేదు. ఓరుగల్లు సీమ పల్లెల్లో చిందు భాగవతమూ పగటివేషమూ ఎరిగిన వృద్ధ కళాకారుల నోట మిగిలిన హాస్యసంభాషణలను విశ్వవిద్యాలయాలూ స్థానిక చరిత్రకారులూ ఇకనైనా ఆలస్యం చేయక గ్రంథస్థం చేయాలి.